నార్సింగిలో నీడ కింద సైకిల్ బాట.. నల్గొండ, పాలమూరు సైకిళ్లకు హైవే అంచే దిక్కా?

హైదరాబాద్ పడమటి అంచున నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెల్లారుజామున ఐదు గంటలకే సందడి మొదలవుతుంది. హెల్మెట్లు, గ్లౌజులు, సన్నటి టైర్ల సైకిళ్లు. పైన సోలార్ పలకల కప్పు, కింద నాలుగున్నర మీటర్ల వెడల్పు నున్నటి బాట. కారు రాదు, బైక్ రాదు, ఆటో హారన్ దగ్గర్లో వినపడదు. 2023 అక్టోబర్ 1న అప్పటి మంత్రి కేటీఆర్ ప్రారంభించిన ఈ బాట మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. దక్షిణ కొరియాలో డేజోన్ నుంచి సేజోంగ్ పోయే హైవే మధ్యలో ఇట్లాంటిదే ఒకటి ఉంటే, మన అధికారులు పోయి చూసి వచ్చి ఇక్కడ కట్టించారు.

బాట బాగుంది. అందులో అనుమానం లేదు. మోటారు బండ్లకు భయపడకుండా సైకిల్ తొక్కే జాగా మన దేశంలో దొరకడమే కష్టం. అయితే ఇక్కడే ఇంకో సంగతి చూడాలి. నార్సింగి, మంచిరేవుల పక్కనుంచే మూసీ పోతుంది. గండిపేట గేట్లు ఎత్తితే మంచిరేవుల దారి బంద్ అవుతుందని ఆ ఏరియా జనానికి బాగా తెలుసు. అదే మూసీ పట్నం మురుగంతా మోసుకుని భువనగిరి, వలిగొండ మీదుగా పాత నల్గొండ జిల్లా అంతా తిరిగి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అనంతగిరి గుట్టల నుంచి లెక్కేస్తే దాదాపు 240 కిలోమీటర్ల నది. పై భాగంలో దాని ఒడ్డున సైకిల్ అంటే ఆరోగ్యం, ఆదివారం, ఇన్‌స్టా ఫోటో. కింది భాగంలో సైకిల్ అంటే గడ్డిమోపు, పాల క్యాను, బడి సంచి, నైట్ షిఫ్ట్. మొదటి సైకిల్‌కు నీడ ఉంది. రెండో సైకిల్‌కు హైవే మీద తెల్లగీత అవతల ఉన్న రెండడుగుల మట్టే ఉంది.

ఇద్దరి మధ్య తగువు పెట్టాలని కాదు. లెక్క చూద్దామని.

ముందు డబ్బు లెక్క. ఔటర్ సైకిల్ బాటకు దాదాపు వంద కోట్లు ఖర్చయిందని పత్రికల్లో వచ్చింది. అంటే కిలోమీటరుకు నాలుగు కోట్ల పైమాటే. ఈ అంకె వినగానే మున్సిపల్ కమిషనర్లు చేతులెత్తేస్తారు, మా దగ్గర యాడుంది అంత పైసా అని. కానీ ఆ ఖర్చులో సింహభాగం సైకిల్‌కు పెట్టింది కాదు, కరెంటుకు పెట్టింది. పైన ఉన్న పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. మన ఎండలకు ఒక మెగావాట్ ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుందనేది ఆ రంగంలో అందరూ వేసుకునే మోటు లెక్క. ఆ లెక్కన 16 మెగావాట్లకు రెండు కోట్ల నలభై లక్షల యూనిట్లు. యూనిట్ నాలుగు రూపాయలు పట్టుకున్నా ఏడాదికి తొమ్మిదిన్నర కోట్ల పైన. నిర్వహణ, అరుగుదల, వడ్డీ లెక్కేయకపోతే పది పన్నెండేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చే వ్యాపారం ఇది. సూటిగా చెప్పాలంటే అది సైకిల్ బాట మీద వేసిన సోలార్ కప్పు కాదు, సోలార్ ప్లాంటు కింద మిగిలిన జాగాలో వేసిన సైకిల్ బాట. తప్పేం లేదు, తెలివైన పనే. అయితే సైకిల్ బాట అంటేనే కిలోమీటరుకు నాలుగు కోట్లు అని జిల్లాల్లో భయపెట్టడం మాత్రం సరికాదు. కప్పు లేని బాటకు అందులో చిన్న వంతు చాలు.

ఇక ఆ బాట మీదికి ఎవరు, ఎట్లా వస్తున్నారు అన్నది రెండో లెక్క. చాలామంది కారు వెనక సైకిల్ కట్టుకుని వస్తారు, లేదంటే అక్కడే కిరాయికి తీసుకుంటారు. అందుకే ఎక్కే చోట్ల పార్కింగ్ కూడా కట్టారు. కార్లు లేని బాటకు కారు వేసుకుని పోవాల్సి రావడం వింతే. దానికి కారణం ఉంది. ఆ 23 కిలోమీటర్లు ఊరిని ఊరితో, ఇంటిని పనితో కలిపే దారి కాదు. సర్వీస్ రోడ్డు దాటి అక్కడిదాకా సైకిల్ మీద రావడమే అసలు సాహసం. గచ్చిబౌలిలో అపార్ట్‌మెంట్లు ఊడ్చే మనిషి, కోకాపేటలో సెంట్రింగ్ కొట్టే మనిషి ఆ బాటను పని దారిగా వాడుకునే వీలు తక్కువ. ఆ సెంట్రింగ్ కొట్టేవాళ్లలో, ఆ రోడ్లకు కంకర పోసినవాళ్లలో పాలమూరు మనుషులు ఎంతమందో వేరే చెప్పక్కర్లేదు.

మూసీ ఒడ్డున రాబోయే బాటలు

ఇప్పుడు ఈ ముచ్చట ఎందుకంటే, మూసీ పునరుజ్జీవనం పేరుతో ఔటర్ లోపలి 55 కిలోమీటర్ల నది పొడవునా ఒడ్లను మార్చేస్తామని ప్రభుత్వం అంటోంది. తొలి దశ కింద ఉస్మాన్‌సాగర్ నుంచి, హిమాయత్‌సాగర్ నుంచి బాపూఘాట్ దాకా వచ్చే రెండు పాయలు కలిపి సుమారు 21 కిలోమీటర్లు. బాపూఘాట్ దగ్గర గాంధీ సరోవర్. ఈ ప్రతిపాదనలు ఎక్కడ చర్చకొచ్చినా ఒడ్డెంబడి నడిచే దారులు, సైకిల్ దారులు అన్న మాట తప్పకుండా వస్తుంది. బొమ్మల్లో చూస్తే చాలా అందంగా ఉంటాయి. పచ్చిక, దీపాలు, సైకిల్ మీద నవ్వుతూ పోయే కుటుంబం.

2024 సెప్టెంబర్ చివర్లో చాదర్‌ఘాట్ మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసిన అక్షరాలను మన పాఠకులు మర్చిపోయి ఉండరు. నది గర్భంలో, బఫర్ జోన్‌లో కలిపి పది వేలకు పైగా నిర్మాణాలు ఉన్నాయని అధికారులు లెక్క తీశారు. ఖాళీ చేసినవాళ్లకు డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు. కొందరు సంతోషంగానే పోయారు, ఏటా వానాకాలం నీళ్లల్లో బతికేకంటే నయమని. ఇంకొందరు పిల్లల బడి, రోజు కూలి, మస్జిద్, బంధువులు అన్నీ ఇక్కడే ఉంటే ఎటు పోవాలని కోర్టుకెక్కారు. 2025 సెప్టెంబర్ 26, 27 తేదీల్లో మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండే మునిగినప్పుడు రెండు వైపుల వాదనకూ బలం వచ్చింది. నది గర్భంలో ఇళ్లు ఉండకూడదన్నది నిజం. ఇళ్లు తీసేసిన చోట ఎవరి కోసం ఏం కడతారన్నది కూడా అంతే నిజమైన ప్రశ్న.

1908 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఒడ్లు బాగుచేశారు. అప్పటి పనిలో లోపాలున్నా ఒక సంగతి గమనించాలి. ఒడ్డున వచ్చినవి హైకోర్టు, ఉస్మానియా దవాఖానా, సిటీ కాలేజీ. జనానికి రోజూ పనిబడే కట్టడాలు. రేపు ఒడ్డున సైకిల్ బాట వేస్తే అది కూడా అట్లా రోజూ పనికొచ్చేదై ఉండాలి. లంగర్‌హౌజ్ నుంచి అఫ్జల్‌గంజ్ పనికి పోయే హమాలీ దాని మీద పోగలగాలి. మూసానగర్ నుంచి వేరే చోటికి పంపిన కుటుంబంలో పిల్ల పాత బడికి దాని మీద రాగలగాలి. గేటు పెట్టి టికెట్ కొడితే అది ఇంకో పార్కు, అంతే.

ఇక కింది మూసీ. 2024 నవంబర్ 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తన పుట్టినరోజున వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ ఒడ్డున పాదయాత్ర చేశారు. నల్గొండ జనం మురుగు నీళ్లతో పడే బాధను అందరి ముందూ చెప్పారు. ఆ మాట వరకూ మెచ్చుకోవాల్సిందే, దశాబ్దాలుగా ఈ జిల్లా అడుగుతున్నది అదే. కానీ ఒడ్ల సుందరీకరణ ప్లాను మాత్రం ఔటర్ దగ్గర గౌరెల్లితోనే ఆగుతుంది. అక్కడి నుంచి వాడపల్లి దాకా వచ్చేది నీళ్లు శుభ్రమవుతాయన్న హామీ ఒక్కటే. సైకిల్ బాటలు గౌరెల్లి దాటవు.

పంక్చర్ మాట

2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్ సభలో ప్రధాని మోదీ వక్ఫ్ గురించి మాట్లాడుతూ, ఆ ఆస్తులను నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంక్చర్లు వేసుకుంటూ బతకాల్సి వచ్చేది కాదన్న అర్థంలో అన్నారు. దాని మీద చాలా దుమారం రేగింది. నొప్పి కలిగించిన మాటే. అయితే రాజకీయం పక్కనబెట్టి చూస్తే ఈ రెండు జిల్లాల్లో సైకిల్‌తో మన బస్తీలకున్న సంబంధం పాతది. నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో గంటల లెక్కన కిరాయి సైకిళ్లు ఇచ్చిన దుకాణాలు ఒక తరానికి బాగా గుర్తు. పేరు రాసుకుని, టైం వేసుకుని, చెయిన్ బిగించి ఇచ్చేవాళ్లు. ఊళ్లో సగం మంది పిల్లలు సైకిల్ నేర్చుకున్నది ఆ కిరాయి సైకిల్ మీదే, మోకాళ్లు గీరుకుని. పంక్చర్ వేయడం నామోషీ పని కాదు. అది చక్రం తిరిగేలా చూసే పని. నామోషీ ఏమన్నా ఉందంటే, ఆ చక్రం తిరగడానికి రోడ్డు మీద జాగా లేకుండా చేసిన వ్యవస్థది.

ఆ దుకాణాల్లో చాలావరకు ఇప్పుడు బైక్ మెకానిక్ షెడ్లయ్యాయి. కాలం మారింది అనుకోవచ్చు. కానీ సైకిల్ తొక్కేవాళ్లు మాయం కాలేదు. 2011 జనగణనలో పనికి ఎట్లా పోతారని అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాకుండా మిగతా పనులు చేసేవాళ్లలో దేశం మొత్తం మీద 13 శాతం మంది సైకిల్ మీద పోతామన్నారు. కార్ల వాటా అందులో సగం కూడా లేదు. అయినా రోడ్డు ప్లాను గీసేటప్పుడు సైకిల్‌ను ఎవరూ లెక్కేయరు. ఎందుకంటే ఆ 13 శాతానికి సంఘం లేదు, ఫిర్యాదు రాసే తీరిక లేదు.

లెక్క తేలేది ఆసుపత్రుల్లో. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో నడిచిపోయేవాళ్లే 19.5 శాతం. బైకుల మీద పోయేవాళ్లు 44 శాతం దాటారు. మన ప్రాంతంలో ఇది ఎక్కడ జరుగుతుందో అందరికీ తెలుసు. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్ మీదుగా పోయే 65వ నంబర్ హైవే ఒకటి. షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట మీదుగా పోయే 44వ నంబర్ హైవే ఒకటి. 65వ హైవే మీద 17 బ్లాక్ స్పాట్లు గుర్తించి అండర్‌పాసులు, సర్వీస్ రోడ్ల పనులు పట్టుకున్నారు, మంచిదే. ఆ సర్వీస్ రోడ్డు ఊరు దాటగానే ఆగిపోతుంది. ఊరు దాటాకే చేన్లు, ఫ్యాక్టరీలు ఉంటాయి. చౌటుప్పల్ ఫ్యాక్టరీల్లో, జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో షిఫ్ట్ దిగిన బీహారీ, ఒడియా కార్మికుడు రాత్రి పది గంటలకు లైటు లేని సైకిల్ మీద లారీల పక్కన రావడానికి కారణం అతనికి భయం లేక కాదు. వేరే దారి లేక.

కట్టాల్సింది కాదు, తెరవాల్సింది

ఇంతకీ కార్లు రాని దారి నల్గొండ, పాలమూరులో ఎక్కడ దొరుకుతుంది? చిత్రం ఏంటంటే అది చాలావరకు ఉంది. కాలువ గట్ల మీద ఉంది.

నాగార్జునసాగర్ వెనక నీళ్లల్లో పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు కాలువ మీదుగా నల్గొండ పక్కన పానగల్లు ఉదయసముద్రానికి వస్తాయి. హైదరాబాద్ నల్లాలకు పోయే కృష్ణ నీళ్లు కూడా ఈ అక్కంపల్లి నుంచే. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పోతుంది. సూర్యాపేట పక్కన మూసీ ప్రాజెక్టుకు కుడి, ఎడమ కాలువలున్నాయి. అటు జూరాల కాలువలు, కోయిల్‌సాగర్ కాలువలు. ప్రతి పెద్ద కాలువ పక్కనా ఇరిగేషన్ వాళ్లు జీపులో తిరిగి చూసుకోవడానికి ఒక బాట ఉంటుంది. దాని భూమి సర్కారుది. కొత్తగా ఎవరి పొలం తీసుకోనక్కర్లేదు. ఎత్తుపల్లాలు ఉండవు, నీళ్లు పారే వాలు కాబట్టి బాట సమంగా పోతుంది. సైకిల్ తొక్కే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? గుట్టల ప్రాంతమైన దేవరకొండ, అచ్చంపేట వైపు ఈ సుఖం విలువ తొక్కినవాళ్లకే తెలుస్తుంది.

ఈ బాటల మీద జనం ఇప్పటికే తిరుగుతున్నారు. పాలు పోసేవాళ్లు, మేకలు కాసేవాళ్లు, మోటారు దగ్గరికి పోయే రైతులు. అయితే గుంతలు, కంపచెట్లు, తెగిన గట్లు, వాన పడితే జారే నల్లమట్టి. పేరుకు ఇది డిపార్ట్‌మెంట్ దారి కాబట్టి పంచాయతీ పట్టించుకోదు, పంచాయతీ జనం వాడుకుంటున్నారు కాబట్టి డిపార్ట్‌మెంట్ పట్టించుకోదు.

నల్గొండ పట్టణాన్నే తీసుకుంటే, 2011లో లక్షన్నర జనాభా. ఏ మూల నుంచి ఏ మూలకు పోయినా ఐదారు కిలోమీటర్లు. సైకిల్ కోసమే కొలిచి కట్టినట్టున్న ఊరు. లతీఫ్ సాహెబ్ గుట్ట నుంచి పానగల్లు దాకా సైకిల్ మీద అరగంట చాలు. కందూరు చోళుల కాలం నాటి ఉదయసముద్రం కట్ట మీద ఇప్పుడు సాయంత్రాలు జనం కూర్చుంటున్నారు. ఆ కట్టను చివరి మజిలీగా కాకుండా దారిలో ఒక ముక్కగా చూస్తే బొమ్మ మారుతుంది. పానగల్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కాలువ గట్టు మీదుగా చెరువు కట్ట, అక్కడి నుంచి పట్టణంలో కాలేజీ, కూరగాయల మార్కెట్. ఇప్పుడు ఆ ఊళ్ల వాళ్లు అద్దంకి రోడ్డు, నకిరేకల్ నుంచి సాగర్ పోయే 565వ హైవే దాటి రావాలి.

మహబూబ్‌నగర్ సంగతి కొంచెం వేరు. పట్టణానికి నది లేదు, పెద్ద చెరువు ఉంది. మిషన్ కాకతీయ కింద నియోజకవర్గానికి ఒక మినీ ట్యాంక్‌బండ్ అన్న లెక్కలో ఆ చెరువు రూపు మారింది. ఊరి బయట అప్పన్నపల్లి దగ్గర 2,087 ఎకరాల అర్బన్ ఎకో పార్కు ఉంది. పిల్లలమర్రి ఉంది. మూడూ మంచి జాగాలే. మూడింటికీ చేరడానికి మాత్రం బండి కావాలి. జడ్చర్ల నుంచి రాయచూర్ పోయే 167వ హైవే ఊరి మధ్యనుంచి పోతుంటే సైకిల్ మీద పిల్లను పిల్లలమర్రికి ఏ తల్లి పంపుతుంది? 2025 నుంచి మహబూబ్‌నగర్ కార్పొరేషన్ అయింది. పన్నులు పెరుగుతాయా అని అందరూ అడుగుతున్నారు, సహజమే. కార్పొరేషన్ అయితే మాస్టర్ ప్లాను కొత్తగా గీస్తారు, అందులో సైకిల్ గీత ఉందా అని అడిగేవాళ్లు కూడా కావాలి.

అభ్యంతరాలు లేకపోలేదు, అవి గట్టివే. గట్టు బాట బాగుచేస్తే మొదట వచ్చేది సైకిల్ కాదు, బైకు. ఆ వెనక ఇసుక ట్రాక్టర్. గేటు పెడితే రైతు ట్రాక్టర్ కూడా ఆగిపోతుంది, రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. కాబట్టి కాలువ బాటను పూర్తిగా బండ్లు లేని దారి చేయడం కుదరదు. కార్లు, లారీలు తిరగని దారి చేయవచ్చు. పట్టణానికి దగ్గరి ముక్కల్లో రాతి కడ్డీలు పాతి సైకిల్ పట్టేంత సందు వదలడం, ఊరి ముక్కల్లో రైతు బండ్లకు మాత్రం తెరవడం. నెదర్లాండ్స్‌లో కాలువ గట్ల మీద నడిచేది కూడా దాదాపు ఇదే పద్ధతి. అక్కడ కూడా పుట్టుకతోనే అందరూ సైకిల్ ఎక్కలేదు. 1970ల్లో కార్ల కింద పడి పిల్లలు చనిపోతుంటే తల్లిదండ్రులు రోడ్డెక్కి కొట్లాడితే వచ్చిన దారులవి.

రెండో అభ్యంతరం భద్రత. కాలువలో పడి చనిపోయిన వార్తలు మన జిల్లాల్లో కొత్త కాదు. గట్టు మీద మనిషి అలికిడి లేని చోట ఆడపిల్ల ఒంటరిగా పోవాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోరు. ముస్లిం ఇళ్లల్లో ఈ జంకు ఇంకొంచెం ఎక్కువే, దాచుకోవాల్సిన పని లేదు. దీనికి జవాబు ఉపన్యాసం కాదు, దీపాలు, కాలువ వైపు రెయిలింగు, బడి టైంలో నలుగురు తిరగడం. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ డబ్బులిచ్చే పథకం పెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని లెక్కగట్టి చూస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు దాదాపు మూడో వంతు పెరిగారు, మగపిల్లలతో ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్ల కంటే దూరం ఉన్న ఊళ్లల్లోనే ఎక్కువ ఫలితం వచ్చింది. అందులో ఇంకో కీలకం ఉంది. గుంపుగా ఆడపిల్లలు సైకిళ్ల మీద రోడ్డెక్కడంతో ఊళ్ల కళ్లే మారాయి. మన దగ్గర పదో తరగతి తర్వాత ఆడపిల్ల చదువు ఆగడానికి ఇంట్లో చెప్పే కారణాల్లో దారి ఒకటి. ఆటో కిరాయి నెలకు లెక్కేస్తే ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకరి చదువు ఆగుతుంది, ఆ ఒకరు చాలాసార్లు బేటీనే అవుతుంది.

మూడోది డబ్బు. గుజరాత్‌లో 2012లో నర్మద పిల్లకాలువ మీద 750 మీటర్ల పొడవున సోలార్ పలకలు పరిచి ఒక మెగావాట్ కరెంటు తీశారు. నేల మీద పెట్టే ప్లాంటుకంటే అది ఖరీదు ఎక్కువే. కానీ భూమి కొనక్కర్లేదు, నీళ్లు ఆవిరి కావడం తగ్గుతుంది. ఔటర్ మీద కరెంటు రాబడి చూపి సైకిల్ బాట కట్టగలిగినప్పుడు, మాధవరెడ్డి కాలువ మీద ఒక ముక్కలోనైనా ఆ లెక్క వేసి చూడొచ్చు. కుదరకపోతే కుదరలేదని చెప్పొచ్చు. లెక్కే వేయకపోవడం వేరే సంగతి. అది లేకున్నా మొరం పోసి రోలర్ తిప్పే పనికి ఔటర్ రేట్లు అవసరం లేదు.

సుప్రీంకోర్టు ఇచ్చిన గడువు

ఇదంతా కోరికల చిట్టా అనుకునేవాళ్లు 2025 అక్టోబర్ 7 నాటి సుప్రీంకోర్టు ఆదేశాలు చూడాలి. రోడ్డు భద్రత మీద రాజశేఖరన్ అనే డాక్టరు వేసిన కేసులో జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ విశ్వనాథన్ బెంచ్ అన్ని రాష్ట్రాలకూ ఒక పని చెప్పింది. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 138(1ఎ) సెక్షన్ కింద, నడిచేవాళ్లు, మోటారు లేని బండ్లు రోడ్ల మీద, హైవేల మీద ఎట్లా పోవాలో నిబంధనలు రాయాలి. 210డి కింద జాతీయ హైవేలు కాని రోడ్ల డిజైన్, నిర్వహణకు ప్రమాణాలు రాయాలి. ఆరు నెలల గడువు. లెక్క ప్రకారం 2026 ఏప్రిల్ మొదటి వారం. ఫుట్‌పాత్‌ల ఆడిట్ మాత్రం 50 పెద్ద నగరాలతో మొదలుపెట్టమంది, వాటిలో తెలంగాణ నుంచి ఉన్నది హైదరాబాదే. నల్గొండ, మహబూబ్‌నగర్ ఆడిట్‌లో లేవు. నిబంధనలు మాత్రం రాష్ట్రం మొత్తానికి.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాల్సింది ఒకటుంది. 138(1ఎ) రెండు వైపులా పదునున్న కత్తి. సైకిళ్లకు దారి చూపించే నిబంధన రాయొచ్చు, సైకిళ్లను హైవే మీదికి రానీయొద్దని కూడా రాయొచ్చు. చాలా ఎక్స్‌ప్రెస్ వేల మీద ఇప్పటికే రెండోదే అమలవుతోంది. పక్కన దారి ఇచ్చి హైవే మీదికి రావద్దంటే అది భద్రత. దారి ఇవ్వకుండా రావద్దంటే చౌటుప్పల్ కార్మికుడి మీద చలానా, అంతకుమించి ఏం కాదు. నిబంధన రాసేటప్పుడు ఈ రెండు ముక్కలూ ఒకే వాక్యంలో ఉండాలని అడగడానికి ఇదే సమయం. ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలు, సూచనలు పంపే హక్కు ఎవరికైనా ఉంటుంది. మస్జిద్ కమిటీలు, హమాలీ సంఘాలు, కాలేజీ పిల్లలు ఒక పేజీ రాసి పంపినా అది రికార్డులోకి పోతుంది.

జిల్లా స్థాయిలో కలెక్టర్ అధ్యక్షతన రోడ్డు భద్రత కమిటీ ఉంటుంది. పోలీసు, రవాణా, రోడ్లు భవనాలు, హైవే వాళ్లు కూర్చుంటారు, బ్లాక్ స్పాట్లు, స్పీడ్ బ్రేకర్లు మాట్లాడతారు. కాలువ గట్లు ఎవరి చేతిలో ఉన్నాయో ఆ ఇరిగేషన్ ఇంజనీరును ఆ బల్ల దగ్గరికి పిలిచి, పానగల్లు కట్ట నుంచి మొదటి నాలుగు కిలోమీటర్లకు ఎంత మొరం, ఎన్ని దీపాలు, ఎంత రెయిలింగు పడుతుందో ఒక ఎస్టిమేట్ వేయించడానికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు.